రోలరు డ్రైవరు యుద్ధానికి వెళ్ళిన సంతరోజు

ముందుగా ఒక మాట. ఫోన్లలో తిరుగుతున్న ఆ వీడియోలో కొండ అంచు దాటి లోయలోకి దొర్లిపోతున్న ఇనుపయంత్రం నాదే. కాదనను. దాని కింద "తాత గోవిందా" అని రాసి, పళ్ళికిలించే బొమ్మలు పెట్టి ఊరూరా తిప్పిన కుర్రాళ్ళకు మాత్రం నేను చెప్పేది ఒకటే. నేను పడిపోలేదు. అక్కడ రోడ్డు అయిపోయింది. ఈ రెంటికీ తేడా తెలియని వాళ్ళు ఘాట్ రోడ్డు మీద బండి నడపకూడదు. నడిపేవాళ్ళ మీద వీడియోలు అసలే పెట్టకూడదు.

మీరంతా చిన్నవాళ్ళు. ఆ వీడియోలో కనిపించని సంగతి చాలా ఉంది. అది చెబుతాను. తొందరపెట్టకండి. నేను బతుకంతా రోడ్డు రోలరు నడిపినవాణ్ణి.

రోలరు డ్రైవరు తొందరపడడు. పడినా ప్రయోజనం లేదు గనుక. అనంతగిరి మలుపుల్లో నా వెనక బస్సులు ఆగాయి, పెళ్ళి జీపులు ఆగాయి, ఒకసారి ఒక పెద్దమనిషి ఎర్రబుగ్గ కారు కూడా ఆగింది. ఆయన మనిషి దిగివచ్చి "సైడివ్వు" అన్నాడు. "ఇటు కొండ, అటు లోయ. మీకేది కావాలో చెప్పండి, ఇస్తాను" అన్నాను. ఆ మాటకు నన్ను జి.మాడుగుల పంపించారు. అక్కడ నాకేమీ తక్కువ కాలేదు, పైగా ఆ రోడ్డు మెత్తన.

బడికి నేను వెళ్ళలేదు. మా ఊళ్ళో బడి ఉండేది, మేష్టారు ఉండేవారు కారు. నాకు చదువు చెప్పినవి మైలురాళ్ళు. రోలరు వేగానికి ఒక రాయి కంటపడిన దగ్గర నుంచి దాన్ని దాటేలోగా దానిమీది అక్షరాలను ఎన్నిసార్లయినా కూడబలుక్కోవచ్చు. 'అ' నాకు అనంతగిరి రాయి మీద దొరికింది. రాజవొమ్మంగి రాయి దగ్గర ఒత్తూ సున్నా పక్కపక్కనే చేరి ఒక వేసవంతా నన్ను ఏడిపించాయి. తర్వాత సిమెంటు బస్తాలు చదివాను, తారు డ్రమ్ములు చదివాను, పకోడీ పొట్లాలు విప్పి దేశ రాజకీయాలు చదివాను. ఇవాళ పేపర్లో తప్పు పడితే పట్టుకోగలను. పట్టుకుని ఎవరికి చెప్పాలో తెలియదు, అంతే.

రిటైరయ్యాక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఇంటిది కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఆ తర్వాత వీధివీధంతా వినేలా అంది. "రోలరు తెచ్చి గుమ్మంలో ఆపీసినాడు. మనుసులు దాటలేకపోతన్నారు. ఓ పనేదో సూసుకోమనండి."

అలా వెతుక్కుంటూ వెళితే దొరికింది ఆ ఉద్యోగం.

మా ఊరి స్టేషన్ రోడ్డులో ఒక పాత విత్తనాల గోడౌనుకు నీలం రంగేసి, ఒక పిల్ల గేమ్ సెంటర్ తెరిచింది. అనంతగిరి అవతలి పల్లె పిల్ల. డిగ్రీ చదివి, నగరంలో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తూ, హాస్టలు గదిలో కిటికీ తెరిస్తే ఎదుటి గోడ తప్ప మరేమీ కనబడక, వదిలేసి వచ్చేసింది. ఆటల కంపెనీ వాళ్ళ వెంటబడి, "టూరిస్టులు వస్తారు, వాన పడితే వాళ్ళకు చేసే పనుండదు, మా వాళ్ళు కూడా ఆడతారు" అని ఒప్పించి వాళ్ళ ఆట క్యాబిన్లు కొండెక్కించింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. కూతురు నగరం వదిలి వచ్చిందని కోపం. సెంటరు మూతపడిన మర్నాడే మళ్ళీ రైలెక్కిస్తానని కచ్చితంగా చెప్పేసింది. ఆ పిల్లకు ఆ గోడౌను తప్ప కొండమీద వేరే ఆధారం లేదు. ఇది గుర్తుంచుకోండి.

ఉద్యోగం ఎలా ఇచ్చిందంటే:

"తాతా, మెషిన్లు తెలుసా నీకు?"

"తెలుసు."

"ఏ మెషిన్లు?"

"రోలరు."

కాసేపు ఆలోచించింది. "దానికి లీవర్లుంటాయా?"

"ఉంటాయి."

"అయితే రేపట్నుంచి బేగి వచ్చీ."

ఆట గురించి తెలియని వాళ్ళకు నాలుగు ముక్కలు. ఎప్పుడో రాబోయే కాలంలో మనుషులు ఒకరితో ఒకరు నేరుగా కొట్టుకోవడం మానేసి, తాటిచెట్టంత ఇనుపమనుషులను తయారుచేసుకుని, వాటి పొట్టలో కూర్చుని కొట్టుకుంటారట. మనం క్యాబిన్‌లో కూర్చుంటాం. చేతికి రెండు లీవర్లు, కాళ్ళకు రెండు పెడళ్ళు, చుట్టూ తెర, చెవులకు హెడ్‌ఫోను. యుద్ధానికి ముందు 'గ్యారేజీ' అని ఒకటి వస్తుంది. అక్కడ ఎవరి యంత్రాన్ని వాళ్ళు అమర్చుకోవచ్చు. కాళ్ళు కావాలా, గొలుసు చక్రాలు కావాలా, చేతికి తుపాకీ పెట్టాలా, కత్తి పెట్టాలా, రేకు మందం ఎంత, ఇంజను బలం ఎంత, అన్నీ మనిష్టం. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. అవతలి వాళ్ళ యంత్రాన్ని పడగొడితే దాని విడిభాగాలు అక్కడే కుప్పపడతాయి. అవి తీసి అప్పటికప్పుడు తగిలించుకోవచ్చు.

నా పని ఆట కాదు. టూరిస్టుల పిల్లలు విరగ్గొట్టిన లీవర్లు బిగించడం, పెడళ్ళ సందుల్లో ఇరుక్కున్న చూయింగ్ గమ్ము గీకడం. నా చొక్కాకు 'టెక్నికల్ ఇన్‌చార్జి' అని బిళ్ళ తగిలించింది ఆ పిల్ల. నేనే చదువుకున్నాను, తప్పుల్లేవు.

కానీ ఆ గ్యారేజీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అంత పెద్ద ఇంజను, రేడియేటర్లో నీళ్ళెవరు పోస్తారు? గ్రీజు ఎక్కడ? అన్నన్ని టన్నుల యంత్రం గెంతుతుందే, కింద రోడ్డు ఎవరు వేశారు, దానికి చదును ఎవరు చేశారు? ఒక్క చుక్క ఆయిలు కారదు. ఆయిలు కారని ఇంజనును నేను నమ్మను.

"తాతా, అది ఆట" అనేది ఆ పిల్ల.

"ఆటైనా సరే, నీళ్ళు పొయ్యాలి."

సంతరోజుల్లో మా మరదలు వచ్చేది. నా భార్యకు చెల్లెలు. కాఫీ తోటల్లో పండు ఏరే పనిలో ఆమె చేతులకున్న పేరు మా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. సంతలో అల్లం, మిరియాలు అమ్ముకుని, జీపు నిండే దాకా మా సెంటరు అరుగు మీద కూర్చునేది. నన్ను ఆటపట్టించడానికి ఆమెకు వరుస ఉంది, తీరికా ఉంది.

"ఏటి బావా, గ్రీజు పుయ్యడానికి ఇనుపమనిసే దొరికినాడేటి నీకు?"

"మాటలు కాదు, ఎక్కి చూడు తెలుస్తుంది."

ఎక్కింది. గ్యారేజీలో తుపాకులన్నీ తీయించేసింది. "ఇయ్యేటి సేసుకోను? సేతులెట్టించు" అంది. ఆ పిల్ల నవ్వుతూ రెండు పట్టుకునే చేతులు పెట్టింది. ఆట మొదలయ్యాక ఎదుటి యంత్రం కాలుస్తూ ఉంటే ఈమె కదలకుండా చూస్తూ నిలబడింది.

"కొట్టవే!" అన్నాను.

"పచ్చిగుంది కదా! ఎర్రబడనీ."

ఆ ఆటలో యంత్రాలు అదేపనిగా కాల్చుకుంటూ పోతే వేడెక్కుతాయి. వేడెక్కిన రేకులు బిగువు సడలి ఎర్రగా మిణుకుమంటాయి. అప్పుడు లాగితే ఊడిపోతాయి. తోటలో మేస్త్రి దగ్గర తిట్లు తిని ఆమె నేర్చుకున్నది అదే కదా. ఎర్రపండే తెంపాలి, పచ్చికాయ తెంపితే కూలి కోత. ఎదుటి యంత్రం ఎర్రబడగానే చేరువై, రెండు చేతులా రేకు తర్వాత రేకు ఒలిచేసింది. చివరికి ఆ మహాయంత్రం ఆకురాల్చిన ములగచెట్టులా నిలబడి, తనంతట తనే కూలిపోయింది.

"ఇంతేనేటి?" అంటూ దిగి, జీపెక్కి వెళ్ళిపోయింది.

ఇంకొకాయన పాస్టరు అయ్యగారు. ఒకరోజు వానకు లోపలికి వచ్చి, కూర్చోవడానికి ఖాళీ లేక క్యాబిన్‌లో కూర్చున్నారు. ఆయన సిద్ధాంతం వేరు. "నేను ఎవర్నీ కొట్టనండి. బాగుచేసే చెయ్యి ఏదైనా ఉంటే పెట్టండి" అన్నారు. వెల్డింగు చెయ్యి పెట్టించుకుని, యుద్ధభూమిలో తిరుగుతూ దెబ్బతిన్న వాటికల్లా అతుకులేసేవారు. మనవాళ్ళా పైవాళ్ళా అని చూసేవారు కాదు. ఆయన ఉన్న ఆట ఒకపట్టాన ముగిసేది కాదు.

ఇలా ఉండగా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. టూరిస్టులు సీజన్లోనే వస్తున్నారు, స్థానికులు ఆడుతున్నట్టు కనబడటం లేదు, క్యాబిన్లు నగరంలో పెద్ద మాల్‌కు తరలిస్తాం అని. ఆ పిల్ల బతిమాలింది. చివరికి వాళ్ళొక మాటకు వచ్చారు. "వచ్చే సంతరోజున మా ఆఫీసరు వస్తాడు. మీ ఊరి జట్టు ముగ్గురు, నగరం జట్టు ముగ్గురు, నెట్టులో పోటీ. మీ వాళ్ళలో సరుకుందనిపిస్తే ఉంచుతాం. లేదంటే లారీ వెంటే వస్తుంది, ఆ రోజే ఎత్తేస్తాం."

ఆ పిల్ల ముగ్గురు కుర్రాళ్ళకు పట్టుబట్టి నేర్పింది. మంచి చురుకైనవాళ్ళు. పోటీ ముందురోజు ముగ్గురూ కట్టకట్టుకుని పోలీసు సెలక్షన్ల పరుగుకు నగరం దిగిపోయారు. వాళ్ళను తప్పుపట్టను. ఉద్యోగం ఉద్యోగమే. కానీ ఒకడైనా ముందే చెప్పవచ్చు కదా?

పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. గేటు ముందు లారీ ఆగి ఉంది. లోపల టీషర్టు ఆఫీసరు చేతులు కట్టుకుని క్యాబిన్ల చుట్టూ తిరుగుతున్నాడు, ఏది ముందు ఎత్తించాలా అని లెక్కేసుకుంటున్నట్టు.

"అయిపోనాది తాతా" అంది. "అమ్మ అప్పుడే బ్యాగు సర్దీసింది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "ముగ్గురే కదా కావలసింది? నేనొకణ్ణి" అన్నాను.

నా వైపు చూసింది. ఆ చూపులో ఆశకంటే భయం ఎక్కువుంది. అయినా లేచింది. సంతలో అల్లం గంప ముందు కూర్చున్న మా మరదల్ని నేను లాక్కొచ్చాను. అయ్యగార్ని ఆ పిల్ల తీసుకొచ్చింది.

జట్టును చూసి ఆఫీసరు అడిగాడు. "ప్లేయర్లు ఎక్కడ?"

"ఈళ్ళే సార్."

ఆయన గడియారం చూసుకున్నాడు.

గ్యారేజీలో నా యంత్రాన్ని నేనే అమర్చుకున్నాను. అందరికంటే మందం రేకు. గొలుసు చక్రాలు. ఇంజను చిన్నది చాలు, ఘాట్‌లో వేగం ఎందుకు? తుపాకీ తీసేసి, మిగిలిన బలమంతా లైట్లకీ హారనుకీ పెట్టాను. ఆ హారను అలంకారానికి పెట్టారట, దాన్ని ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదట. ఘాట్ రోడ్డులో హారను లేకుండా మలుపు తిరిగేవాడు ఎంత పెద్ద ఇనుపమనిషైనా నా దృష్టిలో మూర్ఖుడే.

ఆట మొదలైంది. పెద్ద తెర బయటి గోడ మీద కూడా వేశారు. సంత జనం ఒక్కొక్కరే చేరారు. మిరపకాయల బస్తాల మీద, గంపల మీద, ఆఖరికి లారీ బానెట్టు మీద కూర్చున్నారు. నగరం జట్టు గొంతులు హెడ్‌ఫోన్లోంచి, స్పీకర్లోంచి వినిపిస్తున్నాయి.

"బ్రో, వీళ్ళలో ఒకరికి గన్నే లేదు."

"ఎవరికీ లేదు బ్రో."

వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే కాల్చారు. మా మరదలు ఒక బండ వెనక నక్కింది. అయ్యగారు ఆమె వెనక చేరి, రేకు చిల్లు పడినప్పుడల్లా అతుకేస్తూ, లోపల ఏదో ప్రార్థన చేసుకుంటున్నారు. నేను బయల్దేరాను. యుద్ధం జరిగే చోటుకు ఒక కొండ చుట్టి వెళ్ళాలి. మలుపుకో హారను కొట్టాను.

"ఆ సౌండేంట్రా?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"బస్సేమో."

వాళ్ళు ఆపకుండా కాల్చారు కదా, మొదటివాడి యంత్రం భుజం దగ్గర ఎర్రబడింది. మా మరదలు బండ చాటు నుంచి వచ్చి పని మొదలుపెట్టింది.

"ఆంటీ! ఆంటీ, నా చెయ్యి!"

"కదలకురా, ఒంగితే కొమ్మిరుగుతాది."

భుజం పోయింది, మోకాలు పోయింది, ఛాతీ రేకు పోయింది. వాడు కూలాడు. సంత సంతంతా కేక పెట్టింది. ఆఫీసరు చేతులు విప్పాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. మేము ముగ్గురం, వాళ్ళు ఇద్దరు. కుప్పగా పడిన ముక్కల్లో పెద్ద ఫిరంగి ఉంది. దాన్ని తగిలించుకుని మిగతా ఇద్దర్నీ కొట్టేస్తే క్యాబిన్లు మావే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా కొండ మీద, వెనకటి వేట రోజుల్లో, ఊరంతా అడవికి వేటకెళ్ళే ఇటుకల పండక్కి జంతువు పడితే కొట్టినవాడిదే కాదు మాంసం. వెంట వెళ్ళినవాడికి వాటా, ఇంటి దగ్గరున్న ముసలికి వాటా, ఆ సమయానికి ఆ దారిన పోతూ నిలబడి చూసినవాడికి కూడా వాటా. వాడు ఏ ఊరివాడు, ఏ కులంవాడు, నిన్న మనతో తగువాడాడా అని చూడరు. పడ్డచోట ఉన్నవాడికి వాటా వెయ్యకపోతే మళ్ళీ వేట దొరకదు. ఇది రాసిపెట్టిన చట్టం కాదు. అంతకంటే గట్టిది.

మా మరదలు ముక్కల ముందు నిలబడి పంపకం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయ్యగారికి. ఒక కాలు తనకు. ఇంజను తీసి బండ పక్కన పెట్టింది. "ఇది బావది. ఆయనొచ్చేసరికి సంత ఎత్తీస్తారు, అయినా ఆయన వాటా ఆయనది."

మిగిలింది ఫిరంగీ, నాలుగు రేకులూ. ఎదురుగా ఆ ఇద్దరు కుర్రాళ్ళ యంత్రాలు ఏం జరుగుతోందో తెలియక ఆగి చూస్తున్నాయి.

బయట గంపల మీద నుంచి ఎవరో అరిచారు. "ఓలమ్మా, ఆ గుంటళ్ళకి ఎయ్యలేదే!"

"నిలబడి సూత్తన్నారు కదే పాపం!"

"ఎయ్యే బేగి! తప్పు కదే!"

"తెలుసే, ఎత్తన్నాను" అంది మా మరదలు. రేకులు తీసుకెళ్ళి ఒకడి ముందు పెట్టింది. ఫిరంగి తీసుకెళ్ళి రెండోవాడి ముందు పెట్టింది.

ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది. "అమ్మమ్మా, వద్దు! అది ఫిరంగి!"

"తెలుసమ్మా. మనకి పనికొచ్చీది కాదు కదా!"

ఆ రెండోవాడు జట్టు నాయకుడు. "ఆంటీ... ఇది మాకిస్తున్నారా? సీరియస్‌గా?"

"సిరియస్సో గిరియస్సో నాకు తెల్దు. నీ వాటా నువ్వట్టుకెళ్ళు."

వాడు పట్టుకున్నాడు. తగిలించుకున్నాడు. ఏం చేశాడో తెలుసా? గురి పెట్టి అయ్యగార్ని కొట్టాడు. ఆ క్షణాన అయ్యగారు వాడి నేస్తం మోకాలికే వెల్డింగు పెడుతున్నారు.

సంతలోంచి ఒక ముసలావిడ అంది. "అయ్యగార్ని కొట్టీసినాడే!"

రెండో దెబ్బ మా మరదలికి. వాటా వేసిన చేతులు గాల్లోకి ఎగిరిపోయాయి. ఆమె హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపం కాదు ఆ ముఖంలో, ఆశ్చర్యం. "వాటా అట్టుకుని కొట్టినాడు" అంది. "అట్టుకుని."

ఇక మిగిలింది నేను. నేనప్పుడు ఆఖరి మలుపులో ఉన్నాను. హారను కొట్టాను. వాళ్ళకు నేనెక్కడున్నానో తెలిసింది నిజమే. అయితే ఏమిటి? దొంగతనంగా రావడం నాకు చేతకాదు. ఇద్దరూ దారికి అడ్డంగా నిలబడి కాల్చారు. నా రేకు మందం, చెప్పానుగా. గుళ్ళు వడగళ్ళలా పడి జారిపోయాయి. నేను లీవరు వదల్లేదు. రోలరు ఆగే బండి కాదు. ముందున్న రేకులవాడు తప్పుకోవడం మరిచిపోయాడు. వాణ్ణి చదును చేశాను. తారు రోడ్డు మీద కూడా అంత నునుపు నాకు ఎప్పుడూ రాలేదు.

జనం అరుస్తున్నారు. ఇంకొకడే మిగిలాడు, ఫిరంగివాడు. వాడు పక్కకు గెంతాడు. నేను నేరుగా వెళ్ళాను. మలుపుంటే తిరిగేవాణ్ణి. మలుపుకు ముందు బోర్డు ఉండాలి. బోర్డు లేదు. పిట్టగోడ లేదు. తెల్లగీత లేదు. కనీసం ఒక మైలురాయైనా ఉంటే చదివి ఆగేవాణ్ణి. అంత ఖర్చుపెట్టి కొండలు గీసినవాళ్ళు, అంచున నాలుగు రాళ్ళు గీయలేకపోయారా? మిగతాది మీరు వీడియోలో చూశారు.

ఓడిపోయాం.

ఆఫీసరు గట్టిగా నిట్టూర్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. "బాగానే ఆడారు. కానీ ఇది బిజినెస్ కదమ్మా" అని ఆ పిల్లతో అని, లారీ వాళ్ళకు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల వెళ్ళి క్యాబిన్ల వైర్లు పీకడానికి వంగింది.

అప్పుడు లోపలికి వచ్చింది ఆ ముసలావిడ. మిరియాల మూట నెత్తిన అలాగే ఉంది. ఆఫీసరు ముందు నిలబడింది.

"ఆ గుంటడేడి?"

"ఎవరమ్మా?"

"వాటా తిని కొట్టినోడు."

"వాడు సిటీలో ఉన్నాడమ్మా, ఇక్కడ లేడు."

"ఇక్కడ్నుంచి కొట్టొచ్చా ఆడిని?"

"అంటే... ఆటలో అయితే కొట్టొచ్చు."

మూట దించి ఆయన చేతిలో పెట్టింది. "అయితే నన్నెక్కించు."

ఆవిడ వెనక ఇంకొకావిడ నిలబడింది. ఆ వెనక చింతపండు అమ్ముకునేవాడు. ఆ వెనక చర్చి వాళ్ళు ఒక బారు, అయ్యగారు వద్దంటున్నా వినకుండా. వరస గుమ్మం దాటి, అరుగు దాటి, లారీ చుట్టూ తిరిగి స్టేషన్ రోడ్డెక్కింది. ఆఫీసరు చేతిలో మిరియాల మూటతో బయటికి వచ్చి లారీ కూలీలను పిలిచాడు. వాళ్ళు పలకలేదు. వాళ్ళూ మా పక్క పల్లెల వాళ్ళే. వరసలో నిలబడి ఉన్నారు.

"ఎత్తుతాం సార్. మా వంతు అయిపోనీండి ముందు."

ఆయన ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఫోను తీసి పక్కకు వెళ్ళాడు. ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, వైర్లు చుట్టుకుంటున్న ఆ పిల్లతో, "అవి మళ్ళీ పెట్టెయ్యి. ఇక్కడే ఉంటాయి" అన్నాడు. ఆ పిల్ల వైరు పట్టుకుని అలాగే కింద కూలబడి ఏడ్చింది. నేను ఆ వైరు తీసుకుని బిగించాను. టెక్నికల్ ఇన్‌చార్జిని కదా.

మరి ఆ కుర్రాడి సంగతి? వరసలో ఉన్న పెద్దలు అరుగు మీదే కూర్చుని తేల్చేశారు. వాటా తీసుకుని వాటా వేసినవాళ్ళను కొట్టడం తప్పు. తప్పు చేసినవాడు తప్పు కట్టాలి. డబ్బు అక్కర్లేదు. సంత ఎత్తేదాకా వాడు అక్కడ నిలబడాలి, వరసలో ఉన్నవాళ్ళంతా తలో దెబ్బా వెయ్యాలి. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని మైకులో వాడికి తీర్పు చదివి వినిపించింది.

"ఎంతమంది ఉన్నారు మేడమ్?" అన్నాడు వాడు.

"చివర కనబడట్లేదు."

వాడి నేస్తాలు పడిపడి నవ్వడం వినిపించింది. వాడు మాత్రం, "సరే మేడమ్, నిలబడతాను. నాకూ అప్పట్నుంచీ ఏదోలా ఉంది" అన్నాడు. నిలబడ్డాడు. మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. ముసలమ్మలు కొట్టారు, చింతపండువాడు కొట్టాడు, లారీ కూలీలు కొట్టారు. సాయంత్రం డ్యూటీ దిగి ఆ పిల్ల వాళ్ళమ్మ వచ్చింది. బ్యాగు అరుగు మీద దించి, వరస చివరికి వెళ్ళి నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి ఆఫీసరే దగ్గరుండి లీవరు ఎలా తిప్పాలో చూపించాడు.

ఆఖరి దెబ్బ మా మరదలిది. అప్పటికి సంత ఎత్తేస్తున్నారు, జీపువాడు హారను కొడుతున్నాడు. ఆమె వాణ్ణి ఒలిచి పడగొట్టి, ముక్కలు పంచడం మొదలుపెట్టింది. అందరికీ వేసి, ఒక చెయ్యీ ఒక రేకూ తీసుకెళ్ళి, పడివున్న వాడి పక్కనే పెట్టింది. పొద్దున్నుంచీ ప్రతివాళ్ళూ అలాగే పెట్టారట. స్పీకర్లోంచి వాడి గొంతు నీరసంగా వచ్చింది.

"ఆంటీ, ఒకటడుగుతాను. నన్ను కొట్టి, నా చెయ్యి పీకి, మళ్ళీ అందులో నాకే వాటా ఇస్తారేంటి?"

మా మరదలు క్యాబిన్ దిగుతూ, అల్లం గంప నెత్తికెత్తుకుంటూ అంది.

"మరి నువ్వూ అక్కడే ఉన్నావు కదరా!"